ఎత్తి తాగు బిడ్డా

మధ్యాహ్నం కాకముందే నాంపల్లి కోర్టుల గేటు దగ్గర జైలు వ్యాను ఆగుతుంది. వెనక ఇనుప తలుపు తెరవగానే లోపలి నుంచి ఒక వాసన బయటికి వస్తుంది. ఫినాయిలు, చెమట, సగం ఎండి మళ్ళీ తడిసిన బట్ట, కడుక్కోని నోళ్ళు, అన్నీ కలిసిన వాసన. ఎదుటి ఇరానీ హోటలు చాయ్ వాసన కూడా దాని ముందు నిలవదు. కొత్తగా వచ్చిన జూనియర్లు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంటారు. నేను పెట్టుకోను. అది ధైర్యమేమీ కాదు. వకీలుగా నా మొదటి రోజుల్లో నా చెయ్యి ముక్కు వైపు లేస్తుంటే మా మేడమ్ పట్టుకుని కిందికి దించారు. "దిగంగనే ముందుగాల మనల్నే చూస్తరు వాళ్ళు" అన్నారు. అప్పటి నుంచి ఆ వాసన వచ్చిందంటే ఆవిడ గుర్తుకొస్తారు. గంజి పెట్టిన కాటన్ చీరలో, మెడకు ఇంత పౌడరు కొట్టుకుని గుప్పుమంటూ వచ్చే మనిషి. ఆవిడను నేను జైలు వ్యాను వాసనతో గుర్తు చేసుకుంటున్నానని తెలిస్తే నన్ను బతకనిచ్చేవారు కాదు.

ఆవిడ పేరు ఎస్తేరు రాణి. మెదక్ వైపు ఒక మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగారు. తండ్రి అక్కడి బడిలో లెక్కల మాస్టారు. ఆవిడ మాత్రం లెక్కలంటే పారిపోయి హైదరాబాదుకు వచ్చి లా చదివారు. అబిడ్స్‌లో పెద్ద రోడ్డు వెనక సందులో, కళ్ళజోళ్ళ దుకాణం పైన ఆవిడ ఆఫీసు. ఇరుకు మెట్లు. ఎక్కుతూ ఎవరైనా ఎదురైతే ఒకరు గోడకు అతుక్కుపోవాల్సిందే. కోర్టు వరండాలో ఆవిడ నవ్వితే లోపల బెంచి మీదున్న వాళ్ళు తలెత్తేవారు. పొగడ్త విషయంలో పరమ పిసినారి. నేను ఎంత బాగా వాదించినా "ఊఁ, ఫర్వాలే" దాటి ఒక్క మాట రాలేదు. ఆదివారం చర్చిలో పాట పాడితే శ్రుతి ఒక దారి, ఆవిడ ఒక దారి. కొయిరు మాస్టారు ఆవిడను మర్యాదగా చివరి వరసకు పంపించారు. "దేవునికి చివరి వరస గూడ ఇనబడ్తది" అని ఆవిడ ఇంకాస్త గట్టిగా పాడేవారు.

నేను చేరింది ఇలాంటి మనిషి దగ్గర. మాది పాత హైదరాబాదు కుటుంబం. నాన్న బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. కూతురు వకీలు అవుతుందంటే సంబరపడ్డారు కానీ, క్రిమినల్ కేసులు అనేసరికి అన్నం ముందు నుంచి లేచిపోయారు. "మన ఇండ్లల్ల ఆడివిల్ల దొంగల ఎంబడి తిరుగుడేంది?" అని నన్ను కాదు, అమ్మను అడిగారు. ఆ సంగతి మేడమ్‌తో చెబితే, "మీ నాయినకు చెప్పు, దొంగలు చానామంది ఇంటికాన్నే ఉన్నరు, మన ఎంబడి వచ్చేటోళ్ళు దొరికినోళ్ళు మాత్రమే అని" అన్నారు. నాన్నకు చెప్పలేదు. అప్పటికే అన్నం ముందు నుంచి రెండుసార్లు లేచారు.

ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు సీసా ఉండేది. వెడల్పు మూతిది. కేసు ఏదైనా, కక్షిదారు ఎవరైనా, జైలు నుంచి వచ్చిన మనిషితో మొదట మాట్లాడేది నీళ్ళ గురించే. ఎస్కార్టు కానిస్టేబుల్‌ను అడిగి, మూత తీసి అందించి, "ఎత్తి తాగు బిడ్డా" అనేవారు. ఆవిడకంటే వయసులో పెద్దవాడైనా బిడ్డే. జాలి గుండె అనుకున్నాను. కొన్నాళ్ళు చూసి, ఒకరోజు అడిగాను. "మేడమ్, జైల్లో ఎవరైనా కొట్టారా అని సరాసరి అడగొచ్చు కదా?"

"అడుగు పో. ఏం చెప్తడో నాకు ఎర్కనే."

జైలు నుంచి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్న ఒక ఆటో డ్రైవరును అడిగాను. అతను నా భుజం మీదుగా వెనకనున్న ఖాకీ చొక్కా వైపు ఒకసారి చూశాడు. "లే మేడమ్, మంచిగనే చూసుకుంటున్నరు" అన్నాడు. మేనమామ ఇంటికి పోయి వచ్చినవాడిలా చెప్పాడు. మేడమ్ సీసా అందించారు. మన దగ్గర ఎంత దాహమైనా పరాయివాళ్ళ సీసాకు పెదవి తగిలించరు. తల వెనక్కి వాల్చి, చెయ్యి బాగా పైకెత్తి, గొంతులోకి పోసుకుంటారు. అతను కుడిచేత్తో సులువుగా ఎత్తి గటగటా తాగాడు. మేడమ్ నన్ను పక్కకు పిలిచి, "భుజాలు బాగనే ఉన్నయి. నడక చూడాలె" అన్నారు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఆవిడ నీళ్ళిస్తున్నది దాహానికి ఒక్కదానికే కాదని. "నోటికి భయముంటది శైలజా. భుజానికేం ఎర్క?" అన్నారు.

ఈ పద్ధతి ఆవిడకు ఎవరూ నేర్పలేదు. ఒక పొరపాటు నేర్పింది. అది ఆవిడే చెప్పారు, బిస్కెట్టు చాయ్‌లో ముంచి, అది విరిగి కప్పులో పడిపోతే బిస్కెట్టును తిడుతూ. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక రిమాండు ఖైదీ ఆవిడ కక్షిదారు. వీపంతా వాతలు. "చెప్పు, భయపడకు, నేనున్న" అని ఆవిడే ధైర్యం నూరిపోశారు. అతను నిండు కోర్టులో చొక్కా ఎత్తి చూపించాడు. జడ్జిగారు జైలు వాళ్ళను సంజాయిషీ అడిగారు. ఆ సాయంత్రం మేడమ్ ఆఫీసులో అందరికీ బిర్యానీ తెప్పించారు. అక్కడ జైల్లో అతన్ని ఏం చేశారో ఎవరూ చూడలేదు. అతని తల్లి మాత్రం ములాఖత్‌కు వెళ్ళిన ప్రతిసారీ, కొడుకు కోసం తెచ్చిన గిన్నెతోనే గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చింది. తర్వాతి వాయిదాకు అతను గుండుతో వచ్చాడు. మేడమ్ మొహం చూడలేదు. "నాకు వేరే వకీలును పెట్టున్రి సార్" అని జడ్జిగారికి దండం పెట్టాడు.

"కొట్టినోని మీద నాకు కోపం వచ్చె. దెబ్బలు తిన్నోడు మాత్రం నన్ను జూసి భయపడ్డడు" అన్నారు మేడమ్. కప్పు అడుగున మెత్తబడిన బిస్కెట్టును చెంచాతో తీశారు. కంచే చేను మేస్తుంటే చేను పోయి ఫిర్యాదు చేయలేదు కదా, చూసినవాళ్ళే చెప్పాలి. ఆవిడ ఆ తర్వాత కక్షిదారు చేత ఎప్పుడూ ఫిర్యాదు చేయించలేదు. కోర్టు తన కళ్ళతో తానే చూసేలా చేయడం మొదలుపెట్టారు.

ఆ విద్య పూర్తిగా నేను చూసింది మల్లేశ్ విషయంలో. ఇతను ఇళ్ళకు రంగులు వేసే మనిషి. కొత్త అపార్టుమెంటులో పని చేస్తుండగా అక్కడి నీళ్ళ మోటారు పోయింది. అనుమానం మీద పట్టుకెళ్ళారు. పూచీ నిలబడేవాళ్ళు దొరక్క బెయిలు వచ్చినా బయటికి రాలేకపోయాడు. ఖైరతాబాద్‌లో పెద్ద వినాయకుడికి రంగులు వేసే గుంపులో ఒక ఏడు తానూ పనిచేశానని గొప్పగా చెప్పేవాడు. "అంత ఎత్తు మీదికెల్లి చూస్తే కింద మనుషులు చీమల లెక్క అక్కా" అని నాతో చెప్పాడు, మొదటి వాయిదాకు వచ్చినప్పుడు. అప్పుడు చేతులు తిప్పుతూ మాట్లాడాడు. తర్వాతి వాయిదాకు వ్యాను దిగినప్పుడు కుడిచెయ్యి పొట్టకు ఆనించి పట్టుకుని ఉన్నాడు. మాటలు లేవు. మేడమ్ సీసా మూత మీద చెయ్యి వేశారు, తీయలేదు. ఆవిడ కళ్ళు అతని భుజం మీదే ఉన్నాయి.

"నీళ్ళు ఇవ్వరా మేడమ్?"

"ఈడ కాదు" అన్నారు.

లోపల కొత్తగా వచ్చిన మేజిస్ట్రేటు గారు, జలుబుతో, కట్టల కొద్దీ ఫైళ్ళ వెనక. మల్లేశ్ వంతు వచ్చింది. వాయిదా వాయిదాకూ అడగాల్సిన ప్రశ్న ఆయన తలెత్తకుండానే అడిగారు. "జైల్లో ఏమైనా ఇబ్బందులున్నాయా?"

"లేవు సార్."

ఆయన పెన్ను కదులుతోంది. మేడమ్ లేచారు. "సర్, నా క్లయింటు నోరు ఎండిపోయి ఉంది. కోర్టువారు అనుమతిస్తే రెండు గుక్కలు నీళ్ళు తాగుతాడు." ఇంగ్లీషులో అడగొచ్చు. కావాలనే తెలుగులో, అందరికీ వినబడేలా అడిగారు. ఆయన సరేనన్నట్టు చెయ్యి ఊపారు. మేడమ్ వెళ్ళి సీసా అందించి, "ఎత్తి తాగు బిడ్డా" అన్నారు.

మల్లేశ్ కుడిచేత్తో అందుకున్నాడు. సీసా ఛాతీ దాకా లేచింది. అక్కడ ఆగిపోయింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంకొంచెం ఎత్తబోయి, పళ్ళు బిగించి, ఆపుకోలేక ఒక మూలుగు మూలిగాడు. ఎడమ చేతికి మార్చుకున్నాడు. ఆ చెయ్యి లేచింది కానీ వణికి సగం నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. చివరికి తలే కిందికి వంచి, సీసా మూతికి పెదవులు ఆనించి తాగాడు. తాగి, ఆ మూతిని తన తడి చొక్కా అంచుతో తుడిచి తుడిచి మేడమ్‌కు ఇచ్చాడు. "ఎంగిలైంది మేడమ్. మాఫ్ చెయ్యున్రి" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. భుజం కీలు తప్పిన మనిషి, నీళ్ళు ఎంగిలి చేసినందుకు క్షమాపణ అడుగుతున్నాడు.

మేజిస్ట్రేటు గారు పెన్ను కింద పెట్టారు. "ఆ చెయ్యి ఏమైంది?"

మల్లేశ్ కళ్ళు పక్కనున్న కానిస్టేబుల్ బూట్ల మీదికి పోయాయి. "బాత్రూంల జారి పడ్డ సార్."

జైలు నుంచి వచ్చే ప్రతి దెబ్బకూ ఇదే కారణం. మేడమ్ ఆఫీసులో దీని మీద ఒక మాట అనేవారు: "గా బాత్రూంల ఎంత సబ్బు ఉంటదో గని, ఒక్కని దగ్గర గూడ సబ్బు వాసన రాదు." ఆ రోజు ఆ మాట అనలేదు. గొంతు తగ్గించి అన్నారు. "సర్, ఇతను ఏ ఫిర్యాదూ చేయలేదు. చేయలేదని రికార్డు చేయమని ప్రార్థిస్తున్నాను. కోర్టువారు స్వయంగా చూశారు, అంతే. ఇతనికి వైద్యం కావాలి. ఇతనొక్కడి పేరు మీద కాకుండా, ఆ బ్యారక్‌లో ఉన్నవాళ్ళందరికీ డాక్టరు పరీక్ష చేయించమని కోరుతున్నాను. జారే నేల అయితే అందరూ జారి ఉంటారు కదా సర్."

ఆయన వైద్యం, పరీక్ష రెండూ రాశారు. బయటికి వచ్చాక ఎస్కార్టు కానిస్టేబుల్, నెరిసిన మీసాల పెద్దాయన, నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "మంచి పని చేసిన్రమ్మా. నాకు పొద్దుగాల వ్యాను ఎక్కిచ్చేటప్పుడే ఎర్కయింది. నేను చెప్తె నా నౌకరి ఉంటదా?" మేడమ్ విన్నారు. సీసాలో మిగిలిన నీళ్ళు అతనికి ఇచ్చారు.

డాక్టర్లు బ్యారక్‌కు వెళ్ళిన రోజు, న్యాయసహాయం వకీళ్ళుగా మేమూ వెళ్ళాం. ఏ జైలో రాయను. ఒక్కదాని పేరు రాస్తే మిగిలినవి చేతులు దులుపుకుంటాయి. లోపల గోడలకు అప్పుడే సున్నం కొట్టారు. మేడమ్ గోడ ముట్టుకుంటే వేళ్ళకు తడిగా అంటింది. "పెండ్లి ఉన్నదా ఏంది?" అని మా వెంట వచ్చిన అధికారిని అడిగారు. ఆయన నవ్వలేదు. ఖైదీలందరినీ జంటలు జంటలుగా, తలలు వంచి, గొంతుక్కూర్చోబెట్టారు. మేం లోపలికి అడుగుపెట్టినా ఒక్క తల లేవలేదు. మూలన మరుగుదొడ్డి, దానికి తలుపు లేదు, నడుం దాకా ఒక గోడ. ఆ గోడకు ఆనుకుని చుట్టిన దుప్పట్లు. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడే పడుకోవాలట.

అధికారి, "అడగండి మేడమ్, ఏమైనా అడగండి. స్వేచ్ఛగా చెప్పండిరా" అన్నాడు. మేడమ్ ఏమీ అడగలేదు. "మీరు రాత్రిపూట ఎట్ల పండుకుంటరో జర చూపిస్తరా?" అన్నారు.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇది ఫిర్యాదు కాదు కదా, చెప్పిన పని చేయడమే. లేచి, అలవాటుగా, గోడ నుంచి గోడ దాకా ఒకడి తల దగ్గర ఇంకొకడి పాదాలు వచ్చేలా పక్కకు తిరిగి పడుకున్నారు. వీపు నేలకు ఆనించే చోటు ఒక్కరికీ లేదు. వరస నిండిపోయాక కొందరు మిగిలారు. వాళ్ళు దొడ్డి గోడ దగ్గర నిలబడి, "మేము వీళ్ళు లేచినంక" అన్నారు. అంతలో వరసలో ఎవరో, నిద్రలో అన్నట్టే, "తిరుగు" అన్నాడు. వరసంతా ఒక్కసారిగా అటు పక్కకు తిరిగింది. ఒక్కడే తిరగడానికి సందు లేదు. డాక్టరమ్మ రాస్తున్నది ఆపేసింది. అధికారి పైకప్పు వైపు చూస్తున్నాడు. ఒక ముసలాయన మాత్రం తిరగలేక అలాగే ఉండిపోతే పక్కవాడు మెల్లగా అతని నడుం కింద చెయ్యి వేసి తిప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మేడమ్, అబిడ్స్ చేరుతుండగా, "సందుగ పెట్టెల బట్టలు గూడ ఇంత బిర్రుగ పెట్టం గద శైలజా" అన్నారు. నివేదిక వెళ్ళింది. కొందరిని వేరే బ్యారక్‌లకు మార్చారు, జబ్బు మనుషులను ఆస్పత్రికి పంపారు. అంతటితో జైలు మారిపోయిందని రాస్తే అది అబద్ధం. ఖాళీ అయిన చోట్లు మళ్ళీ నిండాయి.

మల్లేశ్ భుజం కీలు తప్పి చాలా రోజులైందని, ఇప్పుడు సరిచేసినా పూర్తిగా లేవదని ఆస్పత్రిలో తేల్చారు. మేడమ్ పట్టుబట్టి, షరతులు సడలింపజేసి, బెయిలు మీద బయటికి తెచ్చారు. కొంతకాలానికి ఆ మోటారు కేసు కూడా సాక్ష్యం లేక కొట్టేశారు. ఆ మర్నాడే అతను ఆఫీసుకు వచ్చాడు. మేడమ్ అతని కోసమే ఎదురుచూస్తున్నారు. కుర్చీ చూపించి, నన్ను తలుపు వెయ్యమని, "ఇప్పుడు చెప్పు. కేసు లేదు, జైలు లేదు. ఎవరు చేసిన్రు?" అన్నారు. అన్నాళ్ళూ ఆవిడ ఆపుకున్న ప్రశ్న అది. కాగితాలన్నీ సిద్ధంగా పెట్టుకున్నారు.

మల్లేశ్ తల వంచుకున్నాడు. "వద్దు మేడమ్."

"వద్దా? నీ చెయ్యి పోయింది గదరా!" మేడమ్ అరిచారు. కింద కళ్ళజోళ్ళ దుకాణం దాకా వినబడి ఉంటుంది.

"నాది పోయింది మేడమ్. లోపటున్నోళ్ళయి ఇంక ఉన్నయి గద" అన్నాడు. "మా బ్యారక్ వాళ్ళు గాన్నే ఉన్నరు. నేను ఈడ చెప్తె గాడ వాళ్ళ మీద వడ్తది."

మేడమ్‌కు కోపం వస్తే ఎదుటివాళ్ళు మెట్లు దిగి పారిపోవడం నాకు తెలుసు. ఆ రోజు ఆవిడే లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. తర్వాత నాతో, "మూడు చాయ్ చెప్పు" అన్నారు. అంతే. మళ్ళీ ఎప్పుడూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. బదులుగా ఆఫీసు గోడలకు రంగు వెయ్యమన్నారు. అతను ఎడమచేత్తో, అందినంత మేర, భుజాల ఎత్తు దాకా లేత నీలం వేశాడు. పై సగానికి వేరే మనిషిని తెస్తానన్నాడు. మేడమ్ వద్దన్నారు. పైన పాత పసుపు, కింద నీలం. వచ్చినవాళ్ళు ఇదేం ఫ్యాషన్ మేడమ్ అని నవ్వేవారు. "మనిషి చెయ్యి ఎంత వరకు లేస్తదో అంత వరకే వేయించిన" అనేవారు. అర్థమైనవాళ్ళు ఇంకోసారి అడిగేవారు కాదు.

కొన్నేళ్ళకు, ఒక ఎండాకాలం, మేడమ్ గుండెజబ్బుతో పోయారు. ఆస్పత్రి మంచం మీద కూడా నేను చదివి వినిపించిన పిటిషన్‌లో తప్పులు పట్టి, "ఊఁ, ఫర్వాలే" అన్నారు. సమాధుల తోటలో కొయిరు వాళ్ళు పాడారు, ఎంతో శ్రుతిలో. నాకు అది నచ్చలేదు. ఒక్క గొంతైనా దారి తప్పితే బాగుండుననిపించింది. మట్టి వేసేవాళ్ళ వరసలో మల్లేశ్ ఉన్నాడు. అందరూ వెళ్ళాక గేటు బయట నా కోసం నిలబడి ఉన్నాడు.

"చెప్త అక్కా" అన్నాడు.

ఏం చెబుతాడో నాకు వెంటనే అర్థం కాలేదు.

"మేడమ్ అడిగినప్పుడు చెప్పలే. మా వాళ్ళు లోపట ఉన్నరని. అప్పటోళ్ళందరు ఇప్పుడు బయటికొచ్చిన్రు. నేను ఒక్కొక్కర్ని కలిసి వచ్చిన." కళ్ళు తుడుచుకున్నాడు. "గని లోపట జాగ ఖాళీగ ఉంటదా అక్కా? ఇప్పుడు ఎవరో ఉన్నరు గద. వాళ్ళు నాకెర్క లేదు. ఎర్క లేనోళ్ళయినా మనుషులే గద."

అన్నేళ్ళు గడిచిన సంగతి. కేసు నిలబడుతుందో లేదో నాకు తెలియదని చెప్పాను. నిలబడకపోయినా చెబుతానన్నాడు. జైలు వాళ్ళ మీద ఫిర్యాదు దాఖలు చేశాను. ఈ మధ్య చాలా రిమాండ్లు వీడియోలోనే అయిపోతున్నాయి. తెర మీద ఖైదీ భుజాల దాకానే కనిపిస్తాడు. ఇబ్బందులున్నాయా అని ఇక్కడి నుంచి అడుగుతారు, లేవు సార్ అని అక్కడి నుంచి జవాబు వస్తుంది, అతని పక్కన ఎవరు నిలబడ్డారో తెలియదు. తెరలోకి నేను నీళ్ళు అందించలేను. అందుకే మల్లేశ్ సాక్ష్యం చెప్పడానికి స్వయంగా బోను ఎక్కిన రోజు నేను కాగితాలు రెండుసార్లు కింద పడేసుకున్నాను. మేడమ్ ఉంటే తిట్టేవారు.

అతను నిదానంగా చెప్పాడు. మధ్యాహ్నం తాళం వేసిన తర్వాత తన పక్కన పడుకునే ఒక ముసలాయనకు ఫిట్స్ వచ్చాయి. కళ్ళు తేలేశాడు. మల్లేశ్ కంచంతో తలుపు ఊచలను కొట్టి కొట్టి పిలిచాడు. వచ్చినవాళ్ళకు ఆ చప్పుడు మీద కోపం వచ్చింది. అతని చేతులు వెనక్కి విరిచి కట్టి, కిటికీ ఊచలకు వేలాడదీశారు.

"ఆ ముసలాయన ఏమయ్యాడు?" అని జడ్జిగారు అడిగారు.

"నాకు తెల్వదు సార్. నన్ను దించి లోపటికి తోలినంక చూస్తే ఆయన జాగల వేరేటాయన పండుకున్నడు. అడిగితే ఎవ్వరు మాట్లాడలే."

అవతలి వకీలు లేచాడు. తెలివైన మనిషి, ఆయన పని ఆయన చేశాడు. "ఆ రోజు మేజిస్ట్రేటు గారు అడిగితే ఇబ్బందులు లేవన్నావు. జారిపడ్డానన్నావు. నిజమేనా?"

"ఔ సార్. అన్న."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా?"

"అప్పుడు చెప్పిందే అబద్ధం సార్."

"కోర్టులో, జడ్జిగారి ముందు, నీ వకీలు పక్కనే ఉండగా అబద్ధం చెప్పావు. ఎందుకు?"

మల్లేశ్ అతని వైపు కాదు, జడ్జిగారి వైపు తిరిగాడు. "అప్పుడు పొద్దుగూకితే నన్ను మళ్ళ గాడికే తోలుకపోయేటోళ్ళు సార్. ఇయ్యాల పొద్దుగూకితే నేను మా ఇంటికి పోత. గందుకే చెప్తున్న."

అవతలి వకీలు కూర్చున్నాడు. నాకు ఆ క్షణంలో మేడమ్ మీద పట్టరాని ప్రేమ, పట్టరాని దుఃఖం కలిగాయి. ఆవిడ బతికుండగా వినాల్సిన మాట అది. ఆ మాట కోసం ఆవిడ అతన్ని ఒక్కసారి అడిగారు, కాదంటే నోరు మూసుకుని వేచి ఉన్నారు. అంత కోపిష్టి మనిషి అంత ఓపిక ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తీర్పు ఇంకా రాలేదు. వాయిదాలు పడుతూనే ఉన్నాయి. వాయిదా అయ్యాక నాంపల్లిలో బస్సు ఎక్కించి వస్తాను అతన్ని. నా ఇంటికి చేరి, చెప్పులు విడవకముందే ఫోను చేస్తాను. మొదటిసారి, ఇల్లు చేరాడో లేదోనన్న భయంతో చేశాను, ఇప్పుడు అలవాటైపోయింది. చెయ్యనిదే నాకు అన్నం సహించదు. ఇంకో కక్షిదారును ఏ ప్రశ్న అడగబోయినా, ఈ రాత్రికి ఇతను ఎక్కడికి చేరతాడని, ముందు ఆ ఫోనే గుర్తుకొస్తుంది.

"చేరినవా మల్లేశ్?"

"ఆఁ, చేరిన అక్కా. తింటున్న."